నా పేరు మీద ఎర్రలైట్లు

మార్చి 3, మంగళవారం

నా లైసెన్స్ సస్పెండ్ అయిందట.

షాపు మేడమ్ చెప్పింది. మందుల కవర్లు కడుతుంటే వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, నీతో కొంచెం మాట్లాడాలి అంది. ఆవిడ భుజం మీద చెయ్యి వేసిందంటే ఎవరికో మూడిందని అర్థం. కొత్త డెలివరీ వ్యాన్‌కి డ్రైవర్‌గా నా పేరు పంపితే ఇన్సూరెన్స్ వాళ్లు తిప్పి పంపారట. ఈవిడ ఐదుసార్లు రెడ్ సిగ్నల్ దాటింది, లైసెన్స్ సస్పెన్షన్‌లో ఉంది, ఈవిడకి బండి ఇస్తే మాకు సంబంధం లేదు అన్నారట.

నాకు నవ్వొచ్చింది. నేను స్టీరింగ్ ముట్టుకుని తొమ్మిదేళ్లయింది. మేడమ్ మాత్రం నవ్వలేదు. ఇంత నెమ్మదస్తురాలివి, బండెక్కితే నీకేం పూనుతుందే తల్లీ అని అడిగింది. తల వంచుకుని కవర్లు కట్టాను.

ఆ వ్యాన్ నాకు ఎంత కావాలో ఇక్కడైతే రాసుకోవచ్చు, చదివేవాళ్లెవరూ లేరు. మంచం దిగలేని వాళ్ల ఇళ్లకి మందులు తీసుకెళ్లే పని. తెల్లటి బండి, చిన్నదే. కౌంటర్ వెనక నిలబడి నిలబడి నా మడమలు పగిలిపోయాయి. లైసెన్స్ పరీక్ష నేను మొదటిసారికే పాసయ్యాను. మా మరిది మూడుసార్లు తప్పాడు. అయినా ఏం లాభం, మా ఇంట్లో కారు తాళాలు మగవాళ్ల జేబుల్లోనే పుట్టి అక్కడే పెరుగుతాయి.

సాయంత్రం 7

ఈయనకి ముందే తెలుసు! మెసేజ్ ఈయన ఫోన్‌కే వచ్చిందట, నెల కిందట. నాకు చెప్పలేదేం అంటే, నువ్వు నడిపేదుందా పెట్టేదుందా, మూడు నెలలైతే అదే పోతుంది, దానికింత రాద్ధాంతం ఎందుకు అన్నారు. వ్యాన్ సంగతి చెప్పాను. టీవీ సౌండు పెంచారు.

ఆ ఐదు సిగ్నళ్లూ ఈయన దాటినవే. ఈయన సిటీ బస్సు డ్రైవరు. వాళ్ల కంపెనీలో సొంత కారులో చేసిన తప్పు కూడా రిమార్కే, రెండు పడ్డాయంటే బస్సు దింపేస్తారు. అందుకని బస్సు డ్రైవర్ల ఇళ్లలో చలానా వస్తే ఆడవాళ్ల పేరు మీద రాయించడం మామూలు. కెమెరా ఫొటోలో బండి నంబరు తప్ప మొహం కనబడదు కదా. ఆ పూట నడిపింది నేనే అని ఇల్లాలు ఒక సంతకం గీకితే అయిపోతుంది. మామగారూ డ్రైవరే. ఆయన చలానాలన్నీ మా అత్తయ్య మోసింది. అసలు ఆవిడకి లైసెన్స్ తీయించిందే అందుకు. బ్రేకేదో క్లచ్చేదో ఆవిడకి ఈరోజుకీ తెలియదు. ముప్పై ఏళ్లు మీ మామగారి రికార్డు మీద ఈగ వాలనివ్వలేదు నేను అని చెప్పుకుని మురిసిపోతుంది.

ఈయనకి సేఫ్ డ్రైవర్ షీల్డు కూడా ఇచ్చారు. టీవీ మీద ఉంది. నేనే తుడుస్తాను.

మా ఇంట్లో ఆడవాళ్ల లైసెన్స్ గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టా. నేనూ పెట్టాను సంతకాలు, కూర తరుగుతూ ఒకటి, తడిచేత్తో ఒకటి. వాటికొక లెక్క ఉంటుందని, అది నిండితే నా నెత్తినే పడుతుందని నాకు తట్టనే లేదు. బుద్ధి గడ్డి తింది.

మార్చి 5, గురువారం

మేడమ్ నెలాఖరు దాకా ఆగుతానంది. మూడు శనివారాలు క్లాసుకి వెళ్లాలి, తర్వాత విచారణకి వెళ్లి తప్పు ఒప్పుకోవాలి, లైసెన్స్ తిరిగి ఇచ్చేస్తారట.

కిందటేడు రెండో చలానా అప్పుడు కంటి పరీక్షకి రమ్మన్నారు, వెళ్లొచ్చాను, అంతటితో తీరిపోయిందనుకున్నాను. అదొక తమాషా. గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం పెట్టి కూర్చుంటే అక్కడక్కడ చిన్న చిన్న దీపాలు మెరుస్తాయి, మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. టకటకా నొక్కేశాను. ఈ వయసులో ఇలాంటి కళ్లు చూడలేదమ్మా అని డాక్టరు మెచ్చుకుంది. బయటికొచ్చి ఈయనకి చెప్పుకుని ఎంత మురిశానో. ఈయనే కారులో తీసుకెళ్లారు, బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకున్నారు.

మార్చి 7, శనివారం

మొదటి క్లాసు. చిన్నపిల్లల బడిలో పెట్టారు. ఆ బెంచీల్లో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. మాస్టారు ట్రాఫిక్ పోలీసుగా చేసి రిటైరైన మనిషి. శరీరం గోడంత, గొంతు మాత్రం ఈలంత. ఒక్కొక్కరే లేచి లైసెన్స్ ఎందుకు పోయిందో చెప్పమన్నాడు.

మొదట లేచినవాడు పెళ్లికొడుకులా తయారై వచ్చాడు. తాగి నడిపాడట. రెండు గ్లాసులేనండీ అన్నాడు. మాస్టారు గ్లాసు ఎంత ఉంటుందో చేత్తో చూపించమన్నాడు. తర్వాత ఒక టీచరమ్మ, నడుపుతూ మెసేజ్‌లు కొడుతూ మూడోసారి దొరికింది. ఆ సంగతి చెబుతుండగానే ఆవిడ ఫోన్ మోగింది, చూడకుండా ఉండలేకపోయింది పాపం. ఒకతను పెళ్లానికీ పిల్లలకీ కోర్టు కట్టమన్న డబ్బు కట్టలేదట, దానికి లైసెన్స్ పీకేశారు. బండికీ దానికీ ఏంటండీ సంబంధం అని మమ్మల్నే అడిగాడు.  ఇన్సూరెన్స్ కట్టనివాడు, స్పీడుకి దొరికినవాడు, స్టీరింగ్ మీదే షుగర్ పడిపోయి గోడని గుద్దిన తాతయ్య. వెనక బెంచీలో ఒకాయన నిలబడ్డాడు, నోరు తెరిచాడు, మళ్లీ కూర్చున్నాడు. ఎవరినో గుద్ది ఆగకుండా వెళ్లిపోయాడని పక్కావిడ నా చెవిలో చెప్పింది. మాస్టారు ఆయన్ని బలవంతపెట్టలేదు.

నా వంతు వచ్చింది. సిగ్నల్ జంప్, ఐదుసార్లు అన్నాను.  పెళ్లికొడుకు లేచి దణ్ణం పెట్టి, అక్కా, మీరా అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మాస్టారు నవ్వకుండా, చేతిలోని కాగితం చూస్తూ, వాటిలో మూడు ఒక్కచోటే కదమ్మా, పెద్ద చౌరస్తాలో, అక్కడ సిగ్నల్ స్తంభం ఏ పక్కన ఉంటుంది అని అడిగాడు.

నాకేం తెలుసు? కుడిపక్కన అన్నాను.

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. ఒకసారి వెళ్లి చూసుకుని రండి అన్నాడు.

మార్చి 8, ఆదివారం

వెళ్లి చూశాను. నేను చేసిన నేరాలు చూడటానికి నేనే నడిచి వెళ్లాను, ఇంతకన్నా విడ్డూరం ఉంటుందా!

స్తంభం ఎడమపక్కన ఉంది. లైటు పళ్లెమంత ఉంది. ఎరుపు పడితే ఎండలో కూడా కళ్లు జిగేల్మంటున్నాయి. అరగంట నిలబడ్డాను. ఒక్క బండీ దాటలేదు. అంతలో ఈయన రూటు బస్సు వచ్చి, గీత మీద గీసినట్టు ఆగింది. ఇవాళ ఈయన డ్యూటీ కాదు, వేరే ఎవరో. కానీ ఈయనా ఇదే దారిలో రోజుకి ఎన్నిసార్లు పోతారో, బస్సు మీద ఒక్క చలానా లేదు. బస్సులో బుద్ధిగా ఆగే మనిషికి కారెక్కగానే ఏమొస్తుంది?

తొందర మనిషి కాదు. కోపిష్ఠీ కాదు. ఇంటికొచ్చాక అడిగాను. ఏమో, చూసుకోలేదు అన్నారు. ఈమధ్య రోడ్ల మీద జనం ఎక్కడినుంచి ఊడిపడుతున్నారో తెలియడం లేదు, ఒక్కడికీ పద్ధతి లేదు అని విసుక్కున్నారు.

మార్చి 14, శనివారం

 అక్షరాలు కుదరడం లేదు.

ఇవాళ క్లాసులో పాల వ్యాన్ నడిపే ఆయన మాట్లాడాడు. కిందటి వారం జ్వరమని రాలేదట. ఆయనదీ సిగ్నల్ జంపే. రెండు చలానాలు పడగానే కంటి పరీక్షకి పిలిచారు. ఇంత కుర్రాణ్ణి నాకు కళ్లకేంటి రోగం అని తిట్టుకుంటూ వెళ్లాడట. యాభై దాటి ఉంటాయి, కుర్రాణ్ణట. గోడ మీది అక్షరాలన్నీ చివరి వరుస దాకా చదివేశాడు. తర్వాత గిన్నె మిషన్ దగ్గర కూర్చోబెట్టారు. పక్కల్లో మెరిసే దీపాలు ఒక్కటీ కనబడలేదు. నీటికాసులు అన్నారు. గ్లకోమా. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, ఎదురుగా ఉన్నవన్నీ చక్కగా కనబడుతూనే ఉంటాయి, అంచుల నుంచి చూపు తినేసుకుంటూ వస్తుందట. బస్టాపు దాకా కలిసి నడుస్తుంటే అడిగాను, నల్లగా కనబడుతుందా అని. నల్లగా అయితే తెలిసిపోయేది కదమ్మా, అక్కడ ఏమీ లేదనిపిస్తుంది, లేనిదాన్ని లేదని ఎట్లా కనిపెడతాం అన్నాడు. జనం ఊడిపడ్డట్టు వస్తారమ్మా ఎదురుకి అన్నాడు.

ఊడిపడ్డట్టు. అదే మాట.

లైసెన్స్ పోయిందని ఆయన ఏడ్చాడట కానీ, చుక్కల మందు వేసుకుంటూ మిగిలిన చూపు నిలబెట్టుకున్నాడు. ఆ రెండో చలానా నా పాలిట దేవుడమ్మా అన్నాడు.

మా రెండో చలానా నా పేరు మీద పడింది. కంటి పరీక్షకి నన్ను పిలిచారు. నేను టకటకా బటన్ నొక్కి మెప్పు కొట్టేసి వచ్చాను. ఆ మిషన్ ముందు కూర్చోవలసిన మనిషి బయట బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకున్నారు.

అయ్యో. అయ్యో.

మార్చి 15, ఆదివారం

తెల్లారినప్పటి నుంచి ఈయన్నే చూస్తున్నాను. ఇన్నేళ్ల కాపురంలో ఇంతగా ఎప్పుడూ చూడలేదేమో.

ఎడమపక్కన పెట్టిన నీళ్ల గ్లాసు చెయ్యి తగిలి పడిపోయింది. ఎక్కడ పెడతావ్ గ్లాసు అని నన్నే కసిరారు. తలుపు రెక్కకి భుజం తగిలింది. అత్తయ్య, ఎటు చూసి నడుస్తున్నావురా అంది. ఈ మాట ఆవిడ ఏడాదిగా అంటూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను. ఒక పెళ్లిలో మా పెద్దన్నయ్య పలకరిస్తే తల తిప్పకుండా వెళ్లిపోయారని మా పుట్టింటివాళ్లు ఆర్నెల్లు అలిగారు. మీ ఆయనకి షీల్డు వచ్చాక కొమ్ములొచ్చాయి అన్నాడు అన్నయ్య. ఆ రోజు అన్నయ్య నిలబడింది ఎడమపక్కన.

మధ్యాహ్నం టీవీ చూస్తున్నారు. వెనకనుంచి వెళ్లి నా చెయ్యి ఆయన ఎడమ చెవి పక్కన పెట్టాను. మెల్లగా ముందుకి జరిపాను. చెంప దాటింది. కన్ను దాటింది. రెప్ప కూడా కదల్లేదు. దాదాపు ముక్కుకి ఎదురుగా వచ్చాక ఉలిక్కిపడి, ఏంటది, దోమా అన్నారు.

దోమే అన్నాను. వంటింట్లోకి వెళ్లి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

మార్చి 16, సోమవారం

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది అనిపించేంత గొడవైంది.

మొదట నవ్వారు. తర్వాత నీ క్లాసులో తాగుబోతులు చెప్పే కబుర్లు నాకు చెప్పకు అన్నారు. మందుల షీటు తీసుకుని గది ఆ చివర నిలబడి, దాని మీది తారీఖు గడగడా చదివారు. నిజమే, నాకు కూడా అంత దూరం నుంచి కనబడలేదు. డిపోలో ఏటా పరీక్ష చేస్తారు, గోడ మీద అక్షరాలు మొత్తం చదువుతాను, డాక్టరు కంటే నువ్వెక్కువా అని అరిచారు. పక్కల సంగతి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ఆ వ్యాన్ కోసం నన్ను బస్సు దింపాలని చూస్తున్నావు అన్నారు.

ఆ మాట మాత్రం నాకు చెంపదెబ్బలా తగిలింది. ఎందుకంటే వ్యాన్ నాకు నిజంగానే కావాలి.

మార్చి 18, బుధవారం

ఈయన పొద్దున్నే యూనిఫారం వేసుకుని బస్సుకి వెళ్లిపోయారు. సాయంత్రం దాకా సైరన్ వినబడినప్పుడల్లా నా చేతిలో కవరు జారిపోయింది.

మార్చి 20, శుక్రవారం

సెలవు పెట్టి ఈయన బస్సెక్కాను. ముసుగు కప్పుకుని వెనక తలుపు నుంచి ఎక్కాను, దొంగలాగా.

ఎంత బాగా నడుపుతారో! ఒక్క కుదుపు లేదు. నిలబడ్డ ముసలమ్మ చేతిలో గిన్నె తొణకలేదు. అది చూస్తుంటే నాకు గర్వంగా ఉంది, ఏడుపొస్తోంది, రెండూ.

తర్వాత విన్నాను. ప్రతి స్టాపులో, ప్రతి సిగ్నల్ దగ్గర, ఈయన తల తిప్పకుండా మెల్లగా, ఎడమ? అంటారు. కండక్టరు కిటికీలోంచి తొంగి చూసి, ఖాళీ అంటాడు. లేకపోతే ఆగన్నా అంటాడు. పక్షుల్లాగా ఒకరి వెంట ఒకరు. చౌరస్తాలో ఎడమ ఎరుపన్నా అన్నాడు. బస్సు గీత మీద ఆగింది.

చివరి స్టాపులో కండక్టరు నన్ను గుర్తుపట్టాడు. వదినా, మీరేంటి ఇక్కడ అన్నాడు. ఇదెప్పటి నుంచి అని అడిగాను. ఏడాది పైనే అయిందన్నాడు. డ్రైవరంటే మా అన్నలాగా ఉండాలి వదినా, మిగతావాళ్లు అద్దంలో చూసి లాగించేస్తారు, ఈయన నన్ను అడగందే బస్సు కదపడు, షీల్డు ఊరికే రాలేదు అన్నాడు. మంచివాడు. ఒక్క ముక్క అనుమానం లేదు. నేనూ తల ఊపాను.

తర్వాత తన గోడు చెప్పుకున్నాడు. ఒకటో తారీఖు నుంచి టికెట్లకి మిషన్లు పెడుతున్నారట. కండక్టర్లందరినీ బస్సులు దింపి గోడౌన్‌కి వేస్తున్నారట. ఇక అన్న ఒక్కడే అన్నాడు.

మార్చి 21, శనివారం

క్లాసులైపోయాయి. మాస్టారు సర్టిఫికెట్ ఇస్తూ, స్తంభం ఏ పక్కనమ్మా అని అడిగాడు. ఎడమ అన్నాను. ఇంకేమైనా చెప్పాలా అన్నాడు. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

మార్చి 24, మంగళవారం

ఎడమ? అని అడిగాను ఈయన్ని, అన్నం తింటుండగా. కంచంలో చెయ్యి ఆగిపోయింది.

ఈయనకి తెలుసు. పేరు తెలియదు కానీ తెలుసు. రెండేళ్లుగా ఎడమపక్క ప్రపంచం తగ్గిపోతోందట. ఈమధ్య కుడిపక్కన కూడా మొదలైందట. డాక్టరు దగ్గరికి వెళ్తే కాగితం మీద రాస్తాడు, రాస్తే డిపోకి వెళ్తుంది, అందుకని వెళ్లలేదట. బస్సు దిగితే నేనెవర్నే అన్నారు. ఇంకేమీ రాదు నాకు, ఇరవై ఏళ్ల నుంచి ఆ సీట్లో కూర్చున్న మనిషిని, దిగి ఎక్కడ కూర్చోను అన్నారు. మన అమ్మాయి హాస్టల్ చదువు ఇంకొక్క ఏడాది ఉంది, అప్పటిదాకా ఊరుకో, నీకు దణ్ణం పెడతాను అన్నారు. నిజంగానే ఎంగిలిచేత్తోనే దణ్ణం పెట్టారు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా వింది. మగాడి నోటి దగ్గర కూడు లాక్కుంటావా అంది. నేను నోరు మూసుకుని మోశాను, నువ్వు ఐదు చలానాలకే అరిచి గోల చేస్తున్నావు అంది.

ఈయన కన్నీళ్లు చూడలేకపోయాను. సరేలెండి అన్నాను. అవును, అన్నాను.

మార్చి 27, శుక్రవారం

ఇవాళ విచారణ. ఈయనే కారులో తీసుకెళ్లారు. నా లైసెన్స్ నాకు వచ్చేస్తుంది, వ్యాన్ వస్తుంది, ఈయన బస్సు ఈయనకి ఉంటుంది. అంతా సర్దుకున్నట్టే మాట్లాడుకున్నాం. దారిలో నేనే కండక్టర్నయ్యాను. ఎడమ ఖాళీ అన్నాను. ఎడమ ఎరుపు, ఆగండి అన్నాను. ఆగారు. చూశావా, ఇలా గడిపేయొచ్చు అన్నారు. చాలా రోజుల తర్వాత నవ్వారు.

సర్టిఫికెట్ తెచ్చానో లేదో అని సంచీలో చెయ్యి పెట్టి చూసుకున్నాను. అంతే, ఒక్క క్షణం. తలెత్తేసరికి ఎడమపక్క నుంచి సైకిల్ వచ్చేసింది. నేను కేక పెట్టాను. బ్రేకు పడింది. సైకిలాయన బంపరుకి జానెడు దూరంలో కింద పడ్డాడు. ముసలాయన. లేచాడు, దెబ్బేం తగల్లేదు. హ్యాండిల్ సరిచేసుకుంటూ, తప్పు నాదే బాబూ, చూసుకోలేదు అని చేతులు జోడించి, సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన మమ్మల్ని క్షమించమన్నాడు!

ఈయన స్టీరింగ్ వదల్లేదు.  ఎక్కడినుంచి వచ్చాడు అన్నారు. ఆయన అక్కడే ఉన్నాడు. మొదటి నుంచీ అక్కడే ఉన్నాడు.

ఆఫీసులో ఈయన బయట బెంచీ మీద కూర్చున్నారు. నన్ను లోపలికి పిలిచారు. ఆఫీసరు ఆడమనిషే, జలుబు చేసి తుమ్ముతోంది. తప్పు ఒప్పుకుంటున్నాను, ఇక చేయను అని ఒక్క ముక్క చెప్పండి, సాయంత్రానికల్లా లైసెన్స్ చేతిలో పెడతాను అంది. కలం అప్పటికే చేతిలోకి తీసుకుంది.

ఆ ఐదూ నావి కావు అన్నాను.

కలం కింద పెట్టింది. తర్వాత నేను ఆగలేదు. సంతకాలు, కంటి పరీక్ష, కండక్టరు, ఒకటో తారీఖు, సైకిలు, అన్నీ చెప్పేశాను. వ్యాన్ సంగతి కూడా. మధ్యలో ఆవిడ, ఆగండి, మీరు చెప్పేది రాసుకుంటే మీ లైసెన్స్ పూర్తిగా రద్దవుతుంది, తప్పుడు సంతకాలకి రెండేళ్ల దాకా మళ్లీ ఇవ్వరు, తెలుసా అంది. తెలియదు అన్నాను. అయినా రాసుకోండి అన్నాను.

ఈయన్ని లోపలికి పిలిచింది. వస్తూ ఈయన ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుంది. మీ ఆవిడ చెప్పేది నిజమేనా అని ఆఫీసరు అడిగింది. ఈయన నా వైపు చూశారు. నా కోసం వెతకాల్సి వచ్చింది, నేను ఎడమపక్కన కూర్చున్నాను. కాదనొచ్చు. నేను పెట్టిన సంతకాలన్నీ ఈయన మాటకే సాక్ష్యం. గోడ గడియారం కింద చాలాసేపు నిలబడి, అవునండీ అన్నారు. 

కారు అక్కడే వదిలేసి బస్సులో వచ్చాం. ఈయన టికెట్ కొనుక్కుని బస్సులో కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. కిటికీ పక్కన కూర్చోండి అంటే వద్దన్నారు.

మార్చి 28, శనివారం

డిపోకి వెళ్లి సీటు మీద వేసుకునే దిండు తెచ్చుకున్నారు. అది మంచం మీద పెట్టి, దాని పక్కన కూర్చున్నారు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. అత్తయ్య నాతో మాటలు మానేసింది, గిన్నెలతో మాట్లాడుతోంది.

చేసింది మంచిదని నాకు తెలుసు. అయినా నా సంసారాన్ని నా నోటితోనే కూల్చానేమో అన్న భయం వదలడం లేదు.

ఏప్రిల్ 2, గురువారం

అదే ఆస్పత్రి, అదే గది, అదే గిన్నె మిషన్. ఇవాళ ఈయన గడ్డం పెట్టారు, నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. దీపాలు ఎక్కడ మెరుస్తున్నాయో నాకు కనబడదు కానీ, బటన్ చప్పుడు వినబడుతుంది. నేను చేసినప్పుడు వడగళ్లు పడ్డట్టు పడింది ఆ చప్పుడు. ఇవాళ ఒకసారి టక్ మంది. తర్వాత ఏమీ లేదు. ఏమీ లేదు. నేను ఊపిరి బిగబట్టుకుని వింటున్నాను. నొక్కండి, నొక్కండి అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. చాలాసేపటికి ఇంకొకటి.

ఈయన, మిషన్ పనిచేయడం లేదేమో చూడండమ్మా అన్నారు.

కాగితం మీద ఎడమకన్ను దాదాపు అంతా నలుపు. నడిమధ్య తాళం కన్నమంత తెలుపు. కుడికన్ను కొంచెం మేలు. పోయింది రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి రోజూ చుక్కలు వేయాలి, బతికినన్నాళ్లూ అంది డాక్టరు. కిందటేడు ఈపాటికి వచ్చి ఉంటే కుడికన్ను మొత్తం దక్కేది, ఎడమ సగమైనా దక్కేది అంది. కిందటేడు ఈపాటికి మేం ఇక్కడికి వచ్చాం. ఆవిడకి నేను గుర్తులేను.

ఆవిడకి కోపం వచ్చింది. ఇంత చూపు పోతుంటే ఏమీ తెలియలేదా, ఎక్కడా గుద్దుకోలేదా, ఒక్క చలానా అయినా పడలేదా అని అడిగింది.

లేదండీ అన్నారు ఈయన. నా రికార్డు క్లీన్.

ఏప్రిల్ 11, శనివారం

వ్యాన్ వేరే అమ్మాయికి ఇచ్చారు. బాగానే నడుపుతోంది. నేను కవర్లు కట్టి అందిస్తున్నాను.

మే 6, బుధవారం

డిపోలో ఈయనకి ప్రయాణికులకి బస్సుల వివరాలు చెప్పే కిటికీ దగ్గర కూర్చునే పని ఇస్తామన్నారు, జీతం తక్కువ. మొదట ఛీ అన్నారు. రెండో రోజు చొక్కా ఇస్త్రీ చేయమన్నారు. అత్తయ్య తన లైసెన్స్ తీసుకొచ్చి నా ముందు పడేసి, దీన్ని వెనక్కి ఇచ్చేయాలంటే ఎక్కడికి వెళ్లాలి అని అడిగింది. నాతో మాట్లాడటం నెల తర్వాత అదే మొదలు.

జూన్ 19, శుక్రవారం

ఇవాళ చుక్కలు వేస్తుంటే, కన్ను తెరిచి పైకప్పు వైపు చూస్తూ, ఆ రెండో చలానా నా పేరు మీదే ఉంచి ఉంటే ఏమయ్యేది అని అడిగారు.

కదలకండి, మందు కారిపోతుంది అన్నాను.